చిమ్నీ లాగట్లేదా? మోటార్ మార్చే ముందు గాలి ఎటు పోతోందో చూడండి

పోయిన సంక్రాంతికి పది రోజుల ముందు విశాఖలో మా వంటింట్లో వంజరం ముక్కలు వేయిస్తుంటే పొగ చిమ్నీలోకి పోవడం మానేసి హాల్లోకి వచ్చి టీవీ ముందు కూర్చుంది. చిమ్నీ తిరుగుతోంది, సౌండ్ మామూలు కంటే ఎక్కువే చేస్తోంది, లాగడం మాత్రం లేదు. సర్వీస్‌కి ఫోన్ చేస్తే ఓ కుర్రాడు వచ్చి, స్టూలు కూడా ఎక్కకుండా కిందినుంచే తల పైకెత్తి చూసి, "మోటార్ పోయింది మేడమ్, మార్చాలి" అన్నాడు. ధర అడిగితే కొత్త చిమ్నీ ఖరీదులో సగం చెప్పాడు. అరిసెలు, చేగోడీలు, బూరెలు అన్నీ ముందున్నాయి కదా, సరే మార్చేయమందామనే అనుకున్నాను.

ఆపింది మా కింది ఫ్లోర్ బాబాయ్ గారు. స్టీల్ ప్లాంట్‌లో మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరయ్యారు, అపార్ట్‌మెంట్‌లో ఏ మోటార్ ఆగినా ఆయన్నే పిలుస్తాం. "తిరిగే మోటార్ పోయిందంటాడేంటమ్మాయ్? గాలి ఎక్కడ ఆగిందో చూడు ముందు" అన్నారు. అరగంటలో తేలింది. బయట గొట్టం మూతిలో పావురం గూడు, అందులో రెండు గుడ్లు.

గుడ్ల సంగతి తర్వాత చెప్తాను. ఆ రోజు నుంచి చిమ్నీ పని చాలావరకు నేనే చేసుకుంటున్నాను. చిమ్నీ అంటే పెద్ద మిషనేం కాదు, ఒక ఫ్యాను (దాన్నే బ్లోయర్ అంటారు), ఒక జల్లెడ (అదే ఫిల్టర్), ఒక గొట్టం. కంప్లయింట్ వచ్చినప్పుడు ఆ మూడింటిలో ఏదో తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే. మా అమ్మమ్మ వాళ్ల భీమిలి ఇంట్లో కట్టెల పొయ్యి మీద పొగగొట్టం ఉండేది, వెదురు గెడ చివర గోనెగుడ్డ కట్టి ఏడాదికోసారి దులిపితే అయిపోయేది. మన గ్యాస్ స్టవ్ మీది చిమ్నీలోకి మసి కంటే నూనె ఎక్కువ పోతుంది, అదీ తేడా. నూనె దులిపితే పోదు.

ముందు పరీక్ష

చిమ్నీ హై స్పీడ్‌లో పెట్టి, న్యూస్ పేపర్ ముక్క ఒకటి చింపి ఫిల్టర్ కింద ఆనించి వదలండి. అతుక్కుని అలాగే ఉంటే చిమ్నీ లాగుతున్నట్టే, అయినా ఇంట్లో పొగ ఉంటోందంటే కారణం వేరే చోట ఉంది. వంటింట్లో సీలింగ్ ఫ్యాన్ వేస్తున్నారేమో, స్టవ్ పక్క కిటికీలోంచి సముద్రపు గాలి సూటిగా కొడుతోందేమో చూడండి. మాకు ఎంవీపీ కాలనీలో మధ్యాహ్నం దాటిందంటే ఆ గాలి మొదలవుతుంది, పొగని చిమ్నీ దాకా పోనివ్వదు. అలాగని అన్ని తలుపులూ కిటికీలూ బిగించేసినా తప్పే, లోపలికి గాలి రాకపోతే చిమ్నీ బయటికి ఏం పంపుతుంది? స్టవ్‌కి దూరంగా ఉన్న కిటికీ ఒకటి కాస్త తెరిచి ఉంచండి. చిమ్నీ మరీ ఎత్తులో బిగించి ఉన్నా లాగదు, స్టవ్ నుంచి 26 నుంచి 30 అంగుళాలు అని మామూలుగా పెడతారు, మీ మోడల్‌కి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది.

పేపర్ పడిపోతే అసలు పరీక్ష మొదలు. ఫిల్టర్లు తీసేసి మళ్లీ ఆన్ చేయండి. ఈసారి పేపర్ పెట్టకండి, బ్లోయర్ లోపలికి లాగేసుకుంటుంది. ఒక అగరుబత్తి వెలిగించి జానెడు కిందగా పట్టుకుని పొగ ఎటు పోతుందో చూడండి. పొగ సర్రున లోపలికి పోతే తప్పు ఫిల్టర్‌ది, శుభ్రంగా కడిగితే చాలు. అప్పుడు కూడా పోకపోతే స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, చిమ్నీ నెత్తిన గొట్టం తగిలించిన చోట క్లిప్పో టేపో విప్పి గొట్టం పక్కకి తప్పించండి. మళ్లీ ప్లగ్ పెట్టి ఆన్ చేస్తే ఆ నోట్లోంచి గాలి బలంగా కొడితే మోటార్, బ్లోయర్ బాగున్నట్టు, గొట్టం మూసుకుపోయినట్టు. అక్కడా గాలి లేకపోతేనే మోటార్ గురించి ఆలోచించండి.

బాబాయ్ గారు మా ఇంట్లో సరిగ్గా ఇదే చేశారు. గొట్టం విప్పి ఆన్ చేయగానే నల్లటి జిడ్డు తుంపరలు మా ఇద్దరి మొహాల మీద పడ్డాయి. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ "ఇదీ పోయిన మోటారు" అన్నారు. కాబట్టి ఆన్ చేసేటప్పుడు పక్కకి నిలబడండి. సౌండ్ ఎందుకు పెరిగిందో కూడా అప్పుడే చెప్పారు. గాలి పోయే దారి మూసుకుపోతే బ్లోయర్ తోయాల్సిన గాలి తగ్గిపోతుంది, దాంతో తేలికై ఇంకా వేగంగా తిరుగుతుంది. సౌండ్ ఎక్కువ, లాగుడు తక్కువ అంటే మొదటి అనుమానం గొట్టం మీదే పెట్టుకోవాలి.

ఫిల్టర్ కడగడం

ముందు మీది ఏ రకమో చూసుకోండి. మందంగా, వంపులు తిరిగిన స్టీలు పలకలు ఉంటే బాఫిల్ ఫిల్టర్. పల్చటి జల్లెడలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటే మెష్, అది ఎక్కువగా అల్యూమినియం. ఏమీ లేకుండా కింద నూనె కప్పు మాత్రమే ఉంటే ఫిల్టర్ లేని మోడల్. మన పోపులకీ వేపుళ్లకీ మెష్ పనికిరాదని నా అభిప్రాయం. పది రోజులకే మూసుకుపోతుంది, కడిగీ కడిగీ వంకర్లు పోతుంది. బాఫిల్ మాకు మూడు వారాలు ఆగుతుంది, చేపలు, గారెలు ఎక్కువైన నెలలో రెండు వారాలు. మీ ఇంట్లో ఎన్నాళ్లకి కడగాలో క్యాలెండర్ చూడక్కర్లేదు, ఫిల్టర్ అంచున వేలితో రాస్తే వేలు జారితే ఇంకా టైముంది, అతుక్కుంటే ఆలస్యమైపోయింది.

ఈ జారడం, అతుక్కోవడం తేడా ముఖ్యం. తాజా నూనె వేడినీళ్లకి కరిగిపోతుంది. రోజులు గడిచేకొద్దీ వేడికీ గాలికీ అదే నూనె చిక్కబడి, బంకలా మారి, చివరికి వార్నిష్ వేసినట్టు గట్టిపడుతుంది. సన్‌ఫ్లవర్ నూనె వాడేవాళ్ల ఇంట్లో ఇది వేరుశనగ నూనె కంటే తొందరగా అవుతుంది. గట్టిపడ్డాక ఏ సబ్బూ దాన్ని పూర్తిగా వదిలించలేదు, గీకాలి. అందుకే నెలలు ఆగి ఒకేసారి గంట తోమే కంటే, మూడు వారాలకోసారి పది నిమిషాలు తోమడం సుఖం.

బాఫిల్ అయితే వాష్ ఏరియాలో వెడల్పాటి టబ్బులో పెట్టి, మరిగిన నీళ్లు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు, వంట సోడా గుప్పెడు వేయండి. నురగ పైకి వచ్చి కాసేపటికి నీళ్లు టీ రంగుకి మారతాయి. అరగంట అయ్యాక గ్లౌజులు వేసుకుని పాత టూత్‌బ్రష్‌తో వంపుల లోపలి నుంచి బయటికి తోమండి, పైపైన తోమితే పైనే మెరుస్తుంది, అసలు జిడ్డు మడతల వెనకే ఉంటుంది. కడిగి, నిలబెట్టి, పూర్తిగా ఆరాకే బిగించండి. మన ఊళ్లో వర్షాకాలంలో ఆరడానికి ఒక పూట పడుతుంది, రాత్రి వంటయ్యాక కడిగి పొద్దున బిగించడం మా ఇంట్లో అలవాటు.

అల్యూమినియం మెష్‌కి నీళ్లు గోరువెచ్చగా చాలు, లిక్విడ్ మాత్రమే వేయండి, సోడాలు వద్దు. ఒకసారి మా పక్కింటి అక్క వాళ్లింటికి క్లీనింగ్ చేస్తామని వచ్చిన మనిషి తెల్లటి పలుకుల ప్యాకెట్ ఒకటి బక్కెట్లో కలిపి మెష్ ముంచాడు. సోడా కొట్టినట్టు బుసబుసా పొంగింది. చూడ్డానికి భలే ఉంది గానీ అది శుభ్రపడడం కాదు, అల్యూమినియం కరిగిపోవడం. బయటికి తీస్తే మెష్ నల్లబడి, అంచుల్లో జల్లెడ ఊడొచ్చింది. అది కాస్టిక్ సోడా. అల్యూమినియంతో కలిస్తే హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది, మూసిన బాత్రూంలో ఆ పని చేయడం ప్రమాదం. స్టీలు ఫిల్టర్‌కి పనిచేస్తుంది నిజమే, కానీ కంట్లో పడితే చూపే పోవచ్చు, కాబట్టి ఇంట్లో పిల్లలుంటే ఆ ప్యాకెట్ గుమ్మం దాటనివ్వకండి. ఎవరైనా వాడి తీరతామంటే నీళ్లలో సోడా కొద్దికొద్దిగా వేయమనండి, సోడా మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీదకి చిందుతుంది.

బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ ఈ రెండూ చిమ్నీ దగ్గరికి రానివ్వకండి. విడివిడిగా స్టీలుని తినేస్తాయి, కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులకి విషం. ఇనప పీచు కూడా వద్దు. దాని ముక్కలు స్టీలు మీద గీతల్లో ఇరుక్కుని నాలుగు రోజుల్లో తుప్పు చుక్కలుగా పైకి తేలతాయి. లాసన్స్ బే, పెదవాల్తేరు, బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. సముద్రం గాలిలో ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పు స్టీలు మీద కూర్చుంటే స్టెయిన్‌లెస్ అని రాసి ఉన్నా గుంటలు పడుతుంది. వారానికోసారి చిమ్నీ ఒంటిని ముందు తడిగుడ్డతో తుడిచి ఉప్పు తీసేసి, తర్వాత పొడిగుడ్డ పెట్టండి. పొడిగుడ్డతోనే మొదలుపెడితే ఉప్పుతో రుద్దినట్టవుతుంది.

ఫిల్టర్ లేని మోడల్ వాళ్లు కప్పు ఒంపితే పనైపోయిందనుకుంటారు. నూనె అంతా నేరుగా బ్లోయర్‌కే తగిలే చిమ్నీ అది, కాబట్టి బ్లోయర్ శుభ్రం వాళ్లకే ఎక్కువ అవసరం.

ఆటో క్లీన్ అంటే

ఆటో క్లీన్ ఉంది కాబట్టి ముట్టుకోనక్కర్లేదని షాపులో చెప్తారు. ఆ బటన్ నొక్కితే లోపల హీటర్ వేడెక్కి బ్లోయర్ చుట్టూ అంటిన నూనెని కరిగిస్తుంది, అది జారి కప్పులో పడుతుంది, కొన్ని మోడళ్లలో హీటర్ బదులు నీళ్లు చిమ్ముతుంది. పని చేసేది బ్లోయర్ దగ్గర మాత్రమే. ఫిల్టర్‌నీ గొట్టాన్నీ అది తాకదు. పైగా కరిగేది తాజా నూనె. ఏడాది తర్వాత గుర్తొచ్చి నొక్కితే వార్నిష్ అయిపోయిన జిడ్డు కదలదు, వాసన మాత్రం వస్తుంది. పది పదిహేను రోజులకోసారి, రాత్రి వంట అంతా అయ్యాక, స్టవ్ ఆపేసి నొక్కండి. కప్పు ముందే ఖాళీ చేయడం మర్చిపోకండి, మర్చిపోతే పొద్దున స్టవ్ మీద గోధుమరంగు మడుగు కనిపిస్తుంది.

బ్లోయర్ విప్పడం

వారంటీలో ఉంటే ఇది చేయకండి, కంపెనీ వాళ్లనే పిలవండి. వారంటీ అయిపోయి, స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకోవడం అలవాటున్నవాళ్లకి మాత్రమే ఇది. స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్ సాకెట్లోంచి బయటికి లాగి కళ్లెదురుగా వేలాడేయండి. ఇంట్లో ఎవరైనా అలవాటుగా లైటు వేయబోయి చిమ్నీ ఆన్ చేస్తే వేళ్లు పోతాయి.

స్టవ్ మీద దుప్పటి పరిచి, ఫిల్టర్లు తీసి, లోపల గుండ్రటి రింగు స్క్రూలు విప్పితే బ్లోయర్ చక్రం కనిపిస్తుంది, ఉడుత పంజరంలా చుట్టూ సన్నటి రెక్కలు. విప్పే ప్రతి దశకీ ఫోన్లో ఫొటో తీసుకోండి. మధ్యలో ఉన్న నట్టు చాలా మోడళ్లలో రివర్స్ థ్రెడ్, అంటే మామూలుగా బిగించే వైపు తిప్పితే ఊడుతుంది. ఇది తెలియక నేను మొదటిసారి బలమంతా పెట్టి ఇంకా బిగించేశాను. చక్రం ప్లాస్టిక్‌ది అయితే మరిగే నీళ్లు పోయకండి, కొంచెం వంకరపోయినా బిగించాక చిమ్నీ అంతా వణుకుతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లలో గంట నానబెట్టి, రెక్క రెక్కకీ టూత్‌బ్రష్ పెట్టండి. రెక్కల మీద ఎక్కడైనా చిన్న రేకు క్లిప్పు కనిపిస్తే అది చెత్త కాదు, చక్రం సమానంగా తిరగడానికి కంపెనీ వాళ్లు పెట్టిన బరువు. తీయకండి, జరపకండి. మోటార్ మీద నీళ్లు చిలకరించకూడదు, తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి. తిరిగి బిగించాక ప్లగ్ పెట్టకముందే చేత్తో తిప్పి చూడండి, ఎక్కడా రాసుకోకుండా నాలుగైదు చుట్లు తిరగాలి.

నేను ఏడాదికోసారి, సంక్రాంతి పిండివంటలు అయిపోయాక చేస్తాను. ముందు చేస్తే ఏం లాభం, అరిసెలు వండిన రెండు రోజుల్లో మళ్లీ అంతే.

తిరగకపోతే

ఆన్ చేస్తే గుయ్‌మని మూలుగుతూ తిరగడం లేదనుకోండి. వెంటనే ఆపేయండి, అలాగే వదిలేస్తే వైండింగ్, అంటే మోటార్ లోపలి తీగచుట్ట, కాలిపోతుంది. ప్లగ్ తీసి బ్లోయర్‌ని చేత్తో తిప్పి చూడండి. గట్టిగా ఉంటే జిడ్డు పట్టుకుంది లేదా బేరింగ్ పోయింది. హాయిగా తిరిగితే ఎక్కువసార్లు తప్పు కెపాసిటర్‌ది, మోటార్‌కి మొదటి తోపు ఇచ్చేది అదే. ఖరీదు తక్కువే, కానీ దాని మీద ఎన్ని మైక్రోఫారడ్‌లని రాసి ఉందో అంతే విలువది కొనాలి, వోల్టేజ్ అంతే లేదా ఎక్కువది ఉండాలి. దాంట్లో కరెంటు నిలవుండే అవకాశం ఉంది కాబట్టి మార్చే పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. మీరు చేయాల్సిందల్లా "మోటార్ మార్చాలి" అని అతను అనకముందే "కెపాసిటర్ చూశావా బాబూ?" అని అడగడం.

అరగంట తిరిగి ఆగిపోయి, చల్లారాక మళ్లీ తిరిగితే మోటార్ వేడెక్కుతోంది. కాలిపోకుండా లోపల ఉన్న థర్మల్ కటాఫ్ దాన్ని ఆపుతోంది. ముందు జిడ్డు తీసి చూడండి, అప్పటికీ ఆగుతుంటే బేరింగ్ చూపించాలి. కీచుమనే సౌండ్‌కి కూడా బేరింగే. టకటకమని కొట్టుకుంటే ఏ స్క్రూనో లూజైంది, లేదా బయట గొట్టం మూతికి ఉండే ఫ్లాప్ (గాలికి తెరుచుకునే రేకు) ఊగుతోంది.

టచ్ ప్యానెల్ తనంతట తను స్పీడులు మార్చేస్తుంటే భయపడకండి, ఆవిరీ జిడ్డూ చేరినప్పుడు అలా చేస్తుంది. మెయిన్ ఆపి, ప్యానెల్ పొడిగుడ్డతో తుడిచి, పది నిమిషాలాగి వేయండి. అక్టోబర్, నవంబర్ ముసుర్లలో మాకు ఇది మామూలే. అప్పటికీ మారకపోతే బోర్డు విప్పించాలి, వెచ్చగా ఉంటుందని బొద్దింకలు అందులో కాపురం పెడతాయి.

చిమ్నీ రేకు ముట్టుకుంటే జివ్వుమంటే మాత్రం ఆ క్షణం నుంచి వాడటం మానేయండి. ఎర్తింగ్ లేదన్నమాట. సముద్రం దగ్గర ఇళ్లలో సాకెట్ లోపల ఇత్తడి పిన్నులకి పచ్చగా చిలుం పడుతుంది, ఎర్త్ వైరు ఉన్నా తగలదు. ఎలక్ట్రీషియన్ చేత సాకెట్ విప్పించి చూపించండి.

గొట్టం

కొత్తగా బిగించేవాళ్లు, మధురవాడ, పీఎం పాలెం వైపు కొత్త ఫ్లాట్లలోకి వెళ్తున్నవాళ్లు, ఇది కాస్త శ్రద్ధగా చదవండి, ఎందుకంటే చిమ్నీ ఎంత ఖరీదైనది కొన్నా గొట్టం తప్పుగా వేస్తే దండగే. మామూలుగా చిమ్నీ నోరు 6 అంగుళాలు ఉంటుంది. బిల్డర్ గోడకి 4 అంగుళాల కన్నం పెట్టి వదిలేస్తాడు. బిగించడానికి వచ్చినవాళ్లు పెద్ద నోటిని చిన్న కన్నానికి కలిపే రిడ్యూసర్ పెట్టి పని కానిచ్చేస్తారు. 6 అంగుళాల కన్నంతో పోలిస్తే 4 అంగుళాల కన్నం వైశాల్యం సగం కూడా ఉండదు, కావాలంటే లెక్కేసుకోండి, 36కి 16. గంటకి 1200 ఘనమీటర్ల గాలి లాగుతుందని రాసి ఉన్న చిమ్నీ కొన్నా అంత గాలి పోదు. కోర్ కటింగ్ మిషన్ తెప్పించి కన్నం పెద్దది చేయించడం ఒక పూట దుమ్ము, ఆ తర్వాత పదేళ్లు సుఖం.

వంపులు ఎంత తగ్గితే అంత మంచిది. అకార్డియన్‌లా సాగే అల్యూమినియం గొట్టాన్ని బిగుతుగా లాగి కట్టించండి, ముడతలు ముడతలుగా వదిలేస్తే ప్రతి ముడతలోనూ నూనె నిలుస్తుంది, మధ్యలో జారి వేలాడితే అక్కడ చిన్న చెరువే తయారవుతుంది. గొట్టం బయటి వైపుకి కొంచెం వాలుగా ఉండాలి. అతుకులకి మామూలు టేపు కాకుండా అల్యూమినియం ఫాయిల్ టేపు వేయించండి, మామూలుది వేడికి ఎండి ఊడిపోతుంది. గొట్టం వదిలేది బయటి గాలిలోకే. అద్దాలు బిగించేసిన వాష్ ఏరియాలోకి వదిలితే పొగ తిరిగి వచ్చి ఆరేసిన బట్టలకి పడుతుంది.

గొట్టమే వద్దు, బొగ్గు ఫిల్టర్ పెడతామంటారు కొందరు. బొగ్గు ఫిల్టర్ కడిగేది కాదు, మూడు నాలుగు నెలలకోసారి మార్చాలి. వాసన కొంత తగ్గుతుందేమో గానీ వేడీ ఆవిరీ ఇంట్లోనే ఉంటాయి. మన ఉక్కపోతకి అదొక్కటే తక్కువ.

బయటి మూతి విషయానికొస్తే, విశాఖలో మొదట పాడయ్యేది అదే. మాకు ముందు ఇనప రేకు ఫ్లాప్ ఉండేది. ఉప్పుగాలికి కీలు తుప్పు పట్టి సగం తెరుచుకున్న చోటే బిగుసుకుపోయింది, ఆ సందులోంచే పావురం లోపలికి పోయింది. ఇప్పుడు ప్లాస్టిక్‌ది పెట్టించాను. ఎండకి కొన్నేళ్లకి పెళుసైపోతుంది, అయినా తుప్పు పట్టదు, ధర కూడా తక్కువ. స్క్రూలు మాత్రం స్టెయిన్‌లెస్‌వే అడిగి కొనండి. మూతి సముద్రం వైపు ఉంటే సాయంత్రం గాలి ఫ్లాప్‌ని మూసి తోస్తూనే ఉంటుంది, కిందికి వంగిన టోపీ పెట్టిస్తే ఆ బాధ తగ్గుతుంది. పావురాలు రాకుండా అరంగుళం కన్నాల జాలీ చాలు. దోమల జాలీ లాంటి సన్నది వేస్తే రెండు నెలల్లో నూనెతో మూసుకుపోతుంది, పావురం చేయాల్సిన పని జాలీయే చేస్తుంది. జ్ఞానాపురం, పాతనగరం వైపు నల్లదుమ్ము ఎక్కువ, అక్కడ ఈ జాలీని ఇంకా తరచుగా చూసుకోవాలి, దుమ్మూ నూనే కలిస్తే తారు అయిపోతుంది.

గుడ్ల సంగతి చెప్తానన్నాను కదా. మా అత్తయ్య "గుడ్లున్న గూడు తీస్తే పాపం, ముట్టుకోవద్దు" అని తేల్చేశారు. గుడ్లు పొదిగి, పిల్లలకి రెక్కలొచ్చి, ఎగిరిపోయేసరికి నెలన్నర పట్టింది. ఆ పండగ పిండివంటలన్నీ టెర్రస్ మీద కిరోసిన్ స్టవ్ పెట్టి వండాను. గూడు తీసేటప్పుడు మాస్కు కట్టుకుని, ముందు నీళ్లు చల్లి తడిపి తీయండి, పావురం రెట్ట ఎండినది దుమ్ముగా లేచి ఊపిరిలోకి పోతే మంచిది కాదు.

తుఫాను వస్తే

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంట్లో చిమ్నీ పెట్టి ఇంకా ఏడాది కాలేదు. వాన పైనుంచి కాదు, పక్కనుంచి కొట్టింది. మధ్యాహ్నం వంటింట్లోంచి టప్ టప్‌మని చప్పుడొస్తే వెళ్లి చూశాను, ఫిల్టర్లోంచి కాఫీ రంగు నీళ్లు స్టవ్ బర్నర్ల మీద పడుతున్నాయి. గిన్నె పెట్టి ఊరుకున్నాం, అంతకంటే పెద్ద కంగారులు ఉన్నాయి ఆ రోజు. కరెంటు రోజుల తరబడి లేదు, వచ్చిన వెంటనే ఎవరో చిమ్నీ లైటు వేశారు, బోర్డు ఠప్‌మంది. ఆ ఒక్క నొక్కుకి బోర్డు ఖరీదు కట్టాం.

ఇప్పుడు తుఫాను హెచ్చరిక వస్తే నేను చేసేది ఇంతే. ప్లగ్ పీకేసి, గొట్టం చిమ్నీ దగ్గర విప్పి, దాని నోటికి పాలిథిన్ కవరు బిగించి కట్టి కింద బక్కెట్ పెడతాను. స్విచ్ మీద "వేయకండి" అని కాగితం అంటిస్తాను. అంతా అయ్యాక ఫిల్టర్లు తీసి రెండు రోజులు ఆరనిచ్చి, కవరు తీశాననేది రెండుసార్లు చూసుకుని, అప్పుడు వేస్తాను.

మంట, గ్యాస్

గిన్నె లేకుండా చిమ్నీ కింద ఖాళీ బర్నర్ వెలిగించి ఉంచకండి. ఫిల్టర్‌కి పట్టిన నూనె వేడెక్కి అంటుకోవచ్చు. బాణలిలో నూనె అంటుకుంటే ముందు స్టవ్, ఆ వెంటనే చిమ్నీ ఆపండి, తిరుగుతుంటే మంటని గొట్టంలోకి లాక్కుంటుంది. బాణలి మీద మూత జార్చి వదిలేయండి, నీళ్లు మాత్రం పోయకండి. మంట గొట్టంలోకి పోయిందనిపిస్తే మెయిన్ ఆపి బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి.

ఇంకొకటి, చాలామంది తప్పు చేసేది. ఇంట్లో గ్యాస్ వాసన వస్తే దాన్ని బయటికి పంపుదామని చిమ్నీ వేస్తారు. సిలిండర్ గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది, పైనున్న చిమ్నీకి అందదు. స్విచ్ నొక్కినప్పుడు వచ్చే నిప్పురవ్వ మాత్రం దానికి అందొచ్చు. ఏ స్విచ్ వేయకూడదు, తీయకూడదు. రెగ్యులేటర్ ఆపి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి గ్యాస్ లీకు హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ చేయండి.

మెకానిక్‌ని పిలిచేటప్పుడు

నంబర్ ఇంటర్నెట్‌లో వెతికి మొదట కనిపించినదానికి చేయకండి. కంపెనీ పేరు పెట్టుకుని ఎవరెవరో తిరుగుతుంటారు. మా ఇంటికి స్టూలు ఎక్కకుండా వచ్చినతను కూడా అలా దొరికినవాడే అని తర్వాత తెలిసింది. మాన్యువల్ మీదో బిల్లు మీదో ఉన్న నంబర్ వాడండి. వచ్చాక పేపర్ పరీక్ష, గొట్టం పరీక్ష ముందే చేశామని చెప్పండి, మాట తీరు మారిపోతుంది. ఏ పార్టు మార్చినా పాతది ఇచ్చేయమని అడగండి. చాలా కంపెనీలు మోటార్‌కి మిగతా వాటికంటే ఎక్కువ ఏళ్ల వారంటీ ఇస్తాయి, చిమ్నీ వారంటీ అయిపోయిందన్నా మోటార్‌ది ఉందేమో బిల్లు తీసి చూడండి. ఆ బిల్లుని కొన్న రోజే ఫొటో తీసి పెట్టుకోండి. మాది సొరుగులోనే భద్రంగా ఉంది, అక్షరాలు మాత్రం లేవు, వంటింటి వేడికి తెల్ల కాగితమైపోయింది.